బోరులోకి వదిలే బీప్ టేపు: రెండేళ్లు వాడాక

ఈ టేపు నా చేతికొచ్చి రెండేళ్లు దాటింది. 150 మీటర్ల పొడవు, పసుపు రంగు, దానికో ఇనుప రీలు, కొసన చిటికెన వేలంత స్టీలు ప్రోబు. బోరులోకి వదిలితే, ప్రోబు నీళ్లను తాకగానే రీలు మీద ఎర్రలైటు వెలిగి బీప్‌మని మోగుతుంది. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) అంచు దగ్గర టేపు మీదున్న అంకె చూసి రాసుకుంటే నీటి మట్టం తెలిసినట్టే. బిల్లులో దీని పేరు వాటర్ లెవెల్ ఇండికేటర్. మా ఊళ్లో మాత్రం బీప్ టేపు. హైదరాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్లు చేసిచ్చారు. జీఎస్టీ కాక రూ.13,500 పడింది.

నేను జియాలజిస్టును కాను. యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్తాను. నీటి ఆర్థికశాస్త్రం, పర్యావరణ విధానం నా సబ్జెక్టులు. "ఎకనామిక్స్‌వాళ్లకు ఇది ఎందుకు మేడం?" అని ఏటా కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. నీళ్ల మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు ల్యాప్‌టాప్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు ఇదేనని నా సమాధానం. ఎందుకో చెప్పాలంటే నా పీహెచ్‌డీ రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

2004లో నేను పీహెచ్‌డీలో చేరాను. అదే ఏడాది మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. నీళ్ల మీద పనిచేసే మా అందరికీ అదే పెద్ద చర్చ. కరెంటు ఉచితమైతే ఇంకో గంట మోటారు ఆడించడానికి రైతుకు పైసా ఖర్చు ఉండదు, కాబట్టి నీళ్లు అయిపోతాయి అన్నది పుస్తకం చెప్పే మాట. నేను దాన్ని అనంతపురం జిల్లా లెక్కలతో నిరూపించాలనుకున్నాను. సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండే జిల్లా, పైగా అప్పటికి మా ఊరున్న జిల్లా.

మా రంగంలో ప్రతి ఒక్కరూ చదివే పేపర్ ఒకటుంది. 1980లో మికా గిస్సర్, డేవిడ్ సాంచెజ్ అనే ఇద్దరు న్యూ మెక్సికోలోని పెకోస్ లోయ లెక్కలు తీసుకుని రాసింది. భూగర్భ జలాన్ని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తోడుకున్నా, ఒక పద్ధతి పెట్టి తోడించినా చివరికి వచ్చే లాభంలో పెద్ద తేడా ఉండదని దాని సారాంశం. ఆ ఫలితం చాలామందికి మింగుడుపడలేదు, ఇప్పటికీ దాని మీద వాదన నడుస్తూనే ఉంది. అందులో నేల కింది నీళ్లన్నీ ఒకే పెద్ద తొట్టిలో ఉన్నట్టు లెక్క. ఎవరు తోడినా మట్టం అందరికీ ఒకేలా దిగుతుంది. నా మోడల్లో కూడా అదే తొట్టి పెట్టుకున్నాను. రెండేళ్లు కష్టపడి రెండు చాప్టర్లు రాశాను.

2006 ఎండాకాలంలో కదిరి పక్కన మా ఊరికి వెళ్లినప్పుడు ఒక ప్రాజెక్టువాళ్ల టేపు అడిగి తీసుకెళ్లాను. మా చిన్నాయనకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, రెండు బోర్లు. తోట గట్టుకు అవతల, డెబ్బై అడుగులేస్తే పక్క రైతు బోరు. పొద్దున ఐదు గంటలకు, ఇంకా కరెంటు రాకముందు, మూడింటిలోనూ టేపు వదిలాం. చిన్నాయన మొదటి బోరులో 41.2 మీటర్లు. పక్క రైతు బోరులో 18.6. నాకు నమ్మకం కలగలేదు. ప్రోబు తుడిచి, మళ్లీ వదిలి చూశాను. మళ్లీ అంతే.

ఒకే నేల, ఒకే వాన, మధ్యలో ఒక గట్టు. నా తొట్టి అక్కడ లేదు.

"వాడు నా నీళ్లు లాగేస్తాండాడమ్మా" అన్నాడు చిన్నాయన. ఆ ఒక్క అనుమానంతో రెండిళ్లకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. అయితే చూద్దాం అని మర్నాడు ఇంకో పని చేశాం. చిన్నాయన మోటార్లు రెండూ ఆపేసి, కరెంటు రాగానే పక్కాయన మోటారు ఒక్కటే నాలుగు గంటలు ఆడించాం. ప్రతి పది నిమిషాలకూ చిన్నాయన బోరులో కొలుస్తూ కూర్చున్నాను. నాలుగు గంటల్లో సెంటీమీటరు కూడా కదల్లేదు. తర్వాతి రోజు పక్కాయనది ఆపి, చిన్నాయన రెండో బోరు ఆడించాం. ఈసారి మొదటి బోరులో మట్టం గంటకే 40 సెంటీమీటర్లు దిగింది, మధ్యాహ్నానికి రెండు మీటర్లు దాటింది. అప్పు చేసి వేయించిన రెండో బోరు మొదటి బోరు నీళ్లనే లాగుతోంది.

తర్వాత ఒక జియాలజిస్టు మిత్రుడిని తీసుకెళ్తే ఆ గట్టు పక్కన నేలలోంచి పైకి తేలిన నల్లరాయి చూపించాడు. గ్రానైటు మధ్యలో నిలువుగా గోడలా దిగిన డోలరైట్ డైక్. దానికి ఇవతల నీళ్లు ఇవతలే, అవతల నీళ్లు అవతలే. ఊళ్లో ఆ రాయి అందరూ చూసిందే. నేల కింద అది గోడ అని మాత్రం ఎవరికీ తెలియదు.

చిన్నాయన ఆ సాయంత్రం చాలాసేపు మంచం మీద మాట్లాడకుండా కూర్చున్నాడు. రెండు రోజుల తర్వాత పక్కాయనను తనే పలకరించాడు. నేను హైదరాబాద్ తిరిగొచ్చి మా గైడ్‌కు కాగితాలు చూపించాను. ఆయన పది నిమిషాలు చూసి, "రాసినవి పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టు" అన్నారు. థీసిస్ ఏడాదిన్నర వెనక్కి పోయింది. ఇంట్లో పెళ్లి టెన్షన్ ఒకవైపు, ఫెలోషిప్ అయిపోతోందన్న టెన్షన్ ఇంకోవైపు. అయినా ఆ ఏడాదిన్నరే నన్ను ఈ పనిలో నిలబెట్టింది.

ఇక టేపు సంగతి. ఇది నాకు మూడోది. మొదటిది అరువు తెచ్చిన విదేశీ టేపు, రెండోది ప్రాజెక్టు డబ్బుతో కొన్నది. ఇది సొంత డబ్బుతో కొనుక్కున్నాను.

మంచి విషయం ముందు చెప్తాను. కొలత నమ్మొచ్చు. ఒకే బోరులో ఐదుసార్లు వదిలితే ఐదుసార్లూ సెంటీమీటరు లోపలే వస్తుంది. అంకెలు పెద్దవి, ప్రతి సెంటీమీటరుకూ గీత ఉంది. తెల్లవారుజామున తలకు కట్టుకున్న లైటు వెలుగులో కూడా చదవొచ్చు. ప్రోబు బరువుగా ఉంది కాబట్టి టేపు నిటారుగా దిగుతుంది. తేలిక ప్రోబు ఉన్నవైతే మోటారు పైపుకు అతుక్కుపోయి, దిగుతోందో ఆగిందో చేతికి తెలియదు. రీలు మీద సెన్సిటివిటీ తిప్పుకునే నాబ్ ఉంది. ఇది తప్పకుండా ఉండాలి. పై పగుళ్లలోంచి కేసింగ్ లోపలి గోడ మీదుగా నీళ్లు కారుతుంటాయి. వాన పడిన వారంలో అది మరీ ఎక్కువ. నాబ్ పూర్తిగా పెంచి వదిలితే ఆ తడికే బీప్ మోగి, 12 మీటర్లకే నీళ్లున్నాయని రాసుకుంటారు. కొంచెం తగ్గించి, బీప్ రాగానే టేపును రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించి, ప్రతిసారీ అదే అంకె దగ్గర మోగుతోందా అని చూసుకోవాలి. మా స్టూడెంట్లకు నేను మొదటి రోజు నేర్పేది ఇదే.

లోపాలూ ఉన్నాయి. బీప్ శబ్దం చాలా చిన్నది. గాలి వీస్తున్నా, పక్క చేలో ట్రాక్టరు తిరుగుతున్నా వినపడదు, లైటే చూడాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో లైటు కూడా కనపడదు. చేత్తో నీడ పట్టుకోవాలి. బ్యాటరీ మూత స్క్రూ మెత్తటి లోహంతో చేశారు, ఏడాదికే గాడి అరిగిపోయింది. ఇప్పుడు రబ్బరు బ్యాండుతో బిగించి వాడుతున్నాను. అన్నిటికన్నా బాధ, టేపు మీద అంకెలు చెరిగిపోవడం. కేసింగ్ అంచుకు రాసుకుని రాసుకుని మొదటి 30 మీటర్లలో గీతలు చాలావరకు మసకబారాయి. 60 దాటాక కొత్తగానే ఉంది. అంచు మీద గుడ్డ ముక్క వేసి దాని మీదుగా వదిలితే ఇంత అరగదు. నాకు ఆలస్యంగా తోచింది.

150 మీటర్లు సరిపోతుందా అని అడుగుతారు. మోటారు ఆగి ఉన్నప్పటి మట్టం కొలవడానికి ఇప్పటిదాకా నాకు చాలకపోయింది లేదు. మోటారు ఆడుతుండగా మట్టం ఎక్కడికి పోతుందో చూడాలంటే, ఆరేడు వందల అడుగులు దించిన బోర్లలో ఇది చాలదు.

ఒక జాగ్రత్త మాత్రం అందరూ మనసులో పెట్టుకోవాలి. చాలామంది రైతుల దగ్గర ఆటోమేటిక్ స్టార్టర్లు ఉంటాయి, కరెంటు రాగానే మోటారు తనంతట తనే ఆన్ అవుతుంది. 2009లో ఒకచోట నేను స్టార్టరు ఆఫ్‌లో ఉందా లేదా చూడకుండా టేపు వదిలాను. ఆరోజు కరెంటు ముందుగా వచ్చేసింది. మోటారు స్టార్ట్ అయిన అదురుకు ప్రోబు 58 మీటర్ల దగ్గర కేబుల్‌కు చుట్టుకుంది. ఎంత లాగినా రాలేదు. చివరికి మోటారు ఎత్తే బండిని పిలిపించి, పైపులన్నీ పైకి తీయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. రెండు రోజులు నీళ్లు లేక ఆ రైతు టమాటా చేను వాడిపోయింది. దానికి నేను ఇచ్చింది ఏ మూలకూ చాలదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే టేపు వదులుతాను. వీలైతే రైతు మోటారు దించేటప్పుడే పక్కన ముప్పావు ఇంచు పీవీసీ పైపు కూడా దించమని అడగండి. టేపు ఆ పైపులోంచి పోతుంది, దేనికీ చుట్టుకోదు.

వేళ కూడా ముఖ్యం. మోటారు ఆపి కనీసం కొన్ని గంటలైనా గడవాలి. ఆంధ్రలో పగలు తొమ్మిది గంటలు కరెంటు ఇచ్చేచోట తెల్లవారుజాము మంచి సమయం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది కాబట్టి, మోటారుకు ఎప్పుడు విశ్రాంతి దొరుకుతుందో రైతును అడిగే వెళ్లాలి. మహబూబ్‌నగర్ వైపు పనిచేసే మా స్టూడెంటు ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, రేపు పొద్దుగాల ఆరింటిదాక మోటరు బంద్ పెట్టుండ్రి" అని బతిమాలుకుంటుంది.

ఆటోమేటిక్ సెన్సర్లు వచ్చాయి కదా, ఇంకా ఈ టేపు ఎందుకు అనే ప్రశ్న కూడా వస్తుంది. ప్రభుత్వ పీజోమీటర్లలో, అంటే మట్టం కొలవడానికే వేసిన బోర్లలో, సెన్సర్లు పెట్టడం నిజంగా మంచి పని. కేంద్ర భూగర్భ జల మండలి కూడా తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. దేశం మొత్తం మీద ఏటా ఎంత తోడుతున్నాం అనే అంచనాకు ఆ కొలతలే పునాది. 2023 అంచనాలో అది 241 బిలియన్ ఘనపు మీటర్లు, తోడుకోదగిన దానిలో 59 శాతం పైచిలుకు. కానీ దేశానికి 59 అన్న అంకె మా చిన్నాయన తోటలో గట్టుకు ఇవతలేముందో, అవతలేముందో చెప్పదు. రాతి నేలలో ఆ తేడా తెలియాలంటే బోరు బోరుకూ వెళ్లి కొలవాల్సిందే.

క్లాసులో ఈ టేపు బల్ల మీద పెట్టి ఒక లెక్క చేయిస్తాను. మా గ్రానైటు నేలల్లో నీళ్లు నిలిచే చోటు చాలా తక్కువ. స్పెసిఫిక్ యీల్డ్, అంటే మట్టం దిగినప్పుడు ఆ మేర నేలలోంచి బయటికొచ్చే నీళ్ల వాటా, 2 శాతం అనుకుందాం. మట్టం ఒక మీటరు దిగిందంటే ఎకరం కింద నుంచి సుమారు 81 వేల లీటర్లు పోయినట్టు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే ఒక్క ఎకరం వరి మడికి బోరు నీళ్లు పెట్టాలంటే అరవై ఎకరాల కింద మట్టం ఒక మీటరు దిగాలి. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది, అది తీసేసినా అంకె పెద్దదే. అదే శెనక్కాయకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే పాతిక ఎకరాలు చాలు. ఈ లెక్క వేశాక పిల్లలు కాసేపు మాట్లాడరు. తర్వాత వాళ్లే, ఊళ్లో ఎవరికెన్ని ఎకరాలు, ఎవరి వరి కోసం ఎవరి కింద మట్టం దిగుతోంది అని అడగడం మొదలుపెడతారు. నీటి ఆర్థికశాస్త్రం అక్కడే మొదలవుతుంది.

ఈ లెక్కను రైతులే వేసుకున్న రోజులు మన దగ్గర ఉన్నాయి. 2003 తర్వాత కొన్నేళ్ల పాటు ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ప్రాజెక్టు నడిచింది. చదువు పెద్దగా లేని ఆడవాళ్లు కూడా వానమాపకం చూసి రాసేవాళ్లు, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచేవాళ్లు, డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూసి బోరు ఎంత పోస్తుందో లెక్కగట్టేవాళ్లు. ఆ అంకెలు ఊళ్లో గోడ మీద రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని బడ్జెట్ వేసేవాళ్లు. నువ్వు ఇది వేయకూడదు అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అంకె చూసి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. నేను అలాంటి రెండు ఊళ్లు తిరిగాను. ప్రాజెక్టు అయిపోయాక ఒక ఊళ్లో కొలతలు ఆగిపోయాయి, గోడ మీద అంకెలు వెలిసిపోయి కనిపించాయి. అది చూసినప్పుడు ఎంత దిగులేసిందో చెప్పలేను. టేపు పాడైతే బాగుచేసే మనిషి లేడు, కొత్తది కొనే డబ్బు ఎవరి పద్దులోనూ లేదు. అంత మంచి పని ఒక ప్రోబు, ఒక బ్యాటరీ దగ్గర ఆగిపోయింది.

ఎలినార్ ఓస్ట్రోమ్ గురించి చెప్పేటప్పుడు కూడా నాకు ఆ గోడే గుర్తొస్తుంది. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. 1965లో ఆమె చేసిన పీహెచ్‌డీ లాస్ ఏంజెలెస్ దగ్గరి వెస్ట్ బేసిన్ భూగర్భ జలం మీదే. తోడడం ఎక్కువై సముద్రపు ఉప్పునీళ్లు బావుల్లోకి వస్తుంటే, అక్కడివాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, మాట్లాడుకుని, చివరికి ఎవరెంత తోడాలో ఒప్పుకున్నారు. ఎవరెంత తోడుతున్నారో అంకెలు ముందుంటే తప్ప ఆ మాటలు సాగేవి కావు. అలా కొలిచే పని కోర్టు పెట్టిన మనిషే చేయాలని లేదు, ఇంటర్ చదివిన పల్లెటూరి పిల్ల కూడా చేయగలదు.

కరెంటుకు ధర పెడితే చాలు, అంతా దారికొస్తుంది అని మీటింగుల్లో చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ధర అక్కర్లేదని కాదు. కానీ మా చిన్నాయన తన జీవితంలో తొమ్మిది బోర్లు వేయించాడు, రెండింట్లోనే నీళ్లు పడ్డాయి. ఎండిపోయిన ఆ ఏడింటి అప్పుకు వడ్డీ కడుతూ నీళ్లు తోడిన మనిషిని పట్టుకుని నీకు నీళ్లు ఉచితం అంటే ఎలా? ఆయన కట్టిన ధర కరెంటు బిల్లులో కనపడదు, బోరు బండివాడికి అడుగుకింత చొప్పున ఇచ్చిన డబ్బులో ఉంది. రెండో బోరు వేసేముందు ఒక్క పూట ఈ టేపుతో కొలిచి ఉంటే ఆ డబ్బు మిగిలేది. కొత్త బోరుకు పర్మిషన్ ఇచ్చేముందు చుట్టుపక్కల బోర్లలో మట్టం కొలిచి, ఆ కాగితం రైతు చేతికివ్వాలని నేను అడుగుతూనే ఉన్నాను. మండలానికి రెండు టేపులు, కొలిచే మనిషికి జీతం. అంతకన్నా ఖర్చు లేదు.

కొనేవాళ్లకు ఇంకో రెండు మాటలు. స్పేర్ ప్రోబు, దాని రబ్బరు వాషర్లు టేపుతో పాటే తీసుకోండి, తర్వాత దొరకడం కష్టం. ఇల్లు చేరగానే టేపును తడిగుడ్డతో తుడిచి చుట్టండి. మట్టితో చుట్టేస్తే మడతల దగ్గర లోపలి తీగ తెగుతుంది. బయటి దేశాల టేపులు అంకెలు చెరగకుండా ఎక్కువ కాలం వస్తాయి, కానీ ధర దీనికి ఎన్నో రెట్లు. స్టూడెంట్లకైతే ఇదే చాలు.

ఒక్క కోరిక మిగిలిపోయింది. ఈ టేపు మీద ఉన్నవన్నీ మీటర్లే. నేను 31.4 అని చదవగానే చిన్నాయన, "ఎన్ని అడుగులుండాయమ్మా?" అంటాడు. ప్రతిసారీ ఫోన్ తీసి లెక్కగట్టి 103 అని చెప్తాను. బోరు లోతు అడుగుల్లో, పైపులు అడుగుల్లో, బండివాడికిచ్చే డబ్బు అడుగుల్లో. ఆయన కొలత ఆయన భాషలో కనపడాలి కదా. పోయిన వారం వర్క్‌షాపు ఆయనకు ఫోన్ చేసి, టేపు వెనక వైపు అడుగులు వేయగలరా అని అడిగాను. కనీసం మూడు టేపులు ఆర్డరిస్తే అచ్చు మార్చి వేస్తానన్నారు. మూడూ చెప్పేశాను. ఒకటి మా డిపార్ట్‌మెంటుకు, ఒకటి మహబూబ్‌నగర్ పిల్లకు, మూడోది మా ఊరికి. అక్కడ మోటారు షెడ్డు గోడకు చిన్నాయన మనవడు అప్పుడే సున్నం కొట్టి పెట్టాడు.